గైడు చూడని మిర్చి గోదాము

ఎనభైల్లో ఒక మే నెల. వరంగల్ నుంచి మా పత్రికకు ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి దళసరి అట్ట మీద బంగారు రంగు అక్షరాల ఆహ్వానం. అక్కడ వర్తకుల ట్రస్టు ఒకటి నడిపే దవాఖానలో, వైద్య విద్యార్థులకు వేసవి సెలవుల్లో ఎనిమిది వారాల పరిశోధన శిక్షణ ఇచ్చారట. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పెద్ద డాక్టరు గైడుగా ఉండి, చెయ్యిపట్టి పని నేర్పారట. శనివారం ముగింపు సభ, విద్యార్థులు తమ ఫలితాలు చదువుతారు, విలేఖరులు దయచేయాలి.

రెండోది పోస్టుకార్డు. "సార్, సభకు మీ పత్రిక నుంచి ఎవరైనా వస్తే ఒకరోజు ముందు రండి. ముందు మిర్చి గోదాము చూసి, తర్వాత సభకు రండి. నేను ఆ శిక్షణలో ఉన్న రెండో సంవత్సరం ఎం.బి.బి.ఎస్. విద్యార్థినిని." కింద స్వరూప అని సంతకం, కాశిబుగ్గ చిరునామా.

ముగింపు సభల వార్త రాయడానికి ముగింపు సభకు వెళ్ళక్కరలేదు. దండలు ఎవరికి వేశారో, వందన సమర్పణ ఎవరు చేశారో ఆహ్వానంలోనే ఉంటుంది. మా ఎడిటరు కూడా అదే అన్నాడు. కానీ ఆ కార్డు రెండు రోజులు నా బల్ల మీద ఉండి నన్ను పని చేసుకోనివ్వలేదు. సభ కన్నా ముందు గోదాము చూడమని పిలిచిన పిల్లను నేను అంతకుముందు ఎరగను.

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు సికింద్రాబాదులో పాసింజరు బండి ఎక్కాను. టికెట్టు చవకే. ఎక్స్‌ప్రెస్సులో వెళ్ళేవాళ్ళకు గంటన్నర కలిసొస్తుంది కానీ ఎండాకాలంలో పాసింజరులోనే గాలి ఎక్కువ, మాటలు కూడా ఎక్కువ. భువనగిరి దాటాక ఇడ్లీ పొట్లం విప్పాను. ఎదురుగా కేసముద్రం వెళ్తున్న ఒక పెద్దావిడ, ఒళ్ళో గంప. ఆమె పక్కన హన్మకొండ బట్టల కొట్టులో గుమాస్తా ఒకతను, చంకలో గొడుగు.

"యాడికి సారూ?" అంది ఆవిడ.

"వరంగల్. మిర్చి గోదాము ఒకటి చూడాలి."

"అది చూసే జాగనా? కోట చూడున్రి, గుడి చూడున్రి. మిర్చి గోదాము చూడనీకి రైలెక్కి పోతాన్రా?" అని నవ్వి, తర్వాత తనే చెప్పింది. "మా తమ్ముడు నాలుగేండ్లు మిర్చి బస్తాలు మోసిండు. ఇప్పుడు ఇంట్ల పోపు పెడితె సాలు, బయటికి ఉరుకుతడు."

"అవ్వా, నువ్వు పెట్టే పోపుకు మేం గూడ ఉరుకుతం," అన్నాడు గుమాస్తా.

"నీకెవలు పెడతరు పోపు? అద్దంల మొఖం చూసుకున్నవా?" అంది ఆవిడ. పెట్టెలో నవ్వని వాళ్ళు లేరు. గుమాస్తా గొడుగు సర్దుకుని ఆలేరు దాకా కిటికీ బయటికే చూశాడు.

పదిన్నరకు వరంగల్. స్టేషను ఎదుట లాడ్జిలో గది దొరికింది. ఫ్యాను తిరుగుతుంది, నీళ్ళు మాత్రం పొద్దున ఏడు దాటితే రావు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. మొహం కడుక్కుని పదకొండుంబావుకు రిక్షా ఎక్కి కాశిబుగ్గకు బయల్దేరాను. వీధి మలుపు తిరగక ముందే మగ్గాల చప్పుడు వినిపించింది. పేరు చెప్పగానే ఒకాయన మగ్గం గుంటలోంచే చెయ్యి చాపి ఇల్లు చూపించాడు.

స్వరూప తండ్రి రాజమల్లు జంపఖానాలు నేస్తాడు. ఆ పూట సగం నేసిన జంపఖానా మగ్గం మీద ఉంది, ఎరుపు, నీలం పట్టీలు. స్వరూప సన్నగా, పొట్టిగా ఉంది. కళ్ళ కింది చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఏడ్చిందేమో అనుకున్నాను. కాదని సాయంత్రం తెలిసింది.

ఒంటిగంటకు పచ్చిపులుసుతో భోజనం పెట్టారు. తింటూ ఆమె చెప్పిన సంగతి ఇది.

శిక్షణకు ఎంపికైన ఆరుగురిలో ఆమె ఒకతి. ఆమెకు వచ్చిన అంశం: మిర్చి గోదాములో హమాలీల ఊపిరి. ట్రస్టు అధ్యక్షుడికే ఎనుమాముల వెళ్ళే దారిలో మిర్చి గోదాములు ఉన్నాయి. అక్కడి హమాలీలు ఏడాదిగా ఒకటే అడుగుతున్నారు. గోదాము కిటికీలు తెరవాలి, మధ్యాహ్నం ఒక గంట బయటికి వదలాలి. కిటికీలు తెరిస్తే గాలి తగిలి మిర్చి రంగు తగ్గుతుందనీ, తూకం తగ్గుతుందనీ యజమాని ఒప్పుకోలేదు. చివరికి, "మా దవాఖానలో పరిశోధన జరుగుతోంది. మిర్చి వల్ల ఊపిరికి నష్టమని తేలితే కిటికీలు తెరుస్తా," అన్నాడు. గోదాము యజమానీ, పరిశోధనకు పోషకుడూ ఒకరే అన్న ముక్క బంగారు అక్షరాల ఆహ్వానంలో లేదు.

గైడు రిటైరైన ప్రొఫెసరు. మొదటి రోజు తన గదిలో స్వరూపకు ఒక గొట్టం ఇచ్చాడు. గట్టిగా ఒక్కసారి ఊదితే దాని మీది ముల్లు జరిగి ఊపిరి బలం ఎంతో చూపిస్తుంది. పని మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి ఊదించాలి. హమాలీలకు జట్టు ఇచ్చిన ఇత్తడి బిల్లలు ఉంటాయి, వాటి మీద నంబర్లు. "పేర్లు అక్కర్లేదమ్మా. బిల్ల నంబరు రాసుకో. సైన్సుకు పేర్లతో పని లేదు," అన్నాడట. శిక్షణ అంతా అదే. ఆ ఎనిమిది వారాలూ ఆమె వారం వారం పుస్తకం తీసుకుని ఆ గదికి వెళ్ళింది, ఆయన వారం వారం సంతకం పెట్టాడు.

"ఒక్కసారన్నా గోదాముకు వచ్చాడా?" అని అడిగాను.

"రాలేదు సార్. నేను పిలిచిన. రెండుసార్లు పిలిచిన."

ఏడో వారానికి కొలతలు పూర్తయ్యాయి. లెక్క చూస్తే విచిత్రమైన ఫలితం వచ్చింది. పొద్దున కంటే సాయంత్రం ఊపిరి ఎక్కువగా ఉంది. స్వరూపకు నమ్మకం కుదరలేదు. గైడుకు మాత్రం వెంటనే కుదిరింది. మిర్చి ధూళి వల్ల ఊపిరికి నష్టమేమీ కనిపించలేదని ఒక వాక్యం తనే చెప్పి రాయించాడు.

తప్పు కనిపెట్టింది రాజమల్లు. బువ్వ తింటూ కూతురి పుస్తకం చూశాడు.

"నాకు చదువు రాదు సారూ, అంకెలు వస్తయి," అన్నాడు నాతో. "గీ రెండువందల పద్నాలుగును చూడున్రి. పొద్దుగాల పిట్ట లెక్క ఊదిండు, మాపటికి ఎద్దు లెక్క ఊదిండు. దినమంత మిర్చిల పనిజేస్తె ఊపిరి పెరుగుతదా? గట్లయితె మనందరం మిర్చిలనే పండుకుందుము. అందుకే మా పొల్లను అడిగిన, బిల్ల ఒక్కటేనాయె, మనిషి ఒక్కడేనా అని."

"మీకు ఎలా తట్టింది?"

ఆయన నవ్వాడు. "మా నాయిన సచ్చిపోయి పదేండ్లాయె. నూలు తెచ్చుకునే కార్డు ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నది. కార్డు చూస్తరు, మొఖం ఎవలు చూస్తరు సారూ?"

మర్నాడే స్వరూప గోదాముకు వెళ్ళి బిల్ల నంబరు కాకుండా పేరు అడిగింది. రాజమల్లు అన్నది నిజం. గోదాములో హాజరు పొద్దున ఒక్కసారే తీసుకుంటారు. దానికి బిల్ల సొంతదారు రావాలి. ఎండ ముదిరాక ఒంట్లో సత్తువ లేని వాళ్ళు ఇంటికి పోతారు, తమ్ముడో అల్లుడో వచ్చి అదే బిల్ల మెడలో వేసుకుని మిగతా పని చేస్తాడు. జట్టులో అందరికీ తెలిసిన పద్ధతే. పొద్దున ఊదింది దగ్గుతో కుంగిన పెద్దవాళ్ళు, సాయంత్రం ఊదింది పడుచువాళ్ళు. కళ్ళ దాకా తడిగుడ్డలు చుట్టుకుని వరసలో వచ్చే మనుషుల్లో స్వరూప అన్నాళ్ళూ చూసింది బిల్లలనే.

స్వరూప పరిగెత్తి గైడుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి, "ఇప్పుడు దీన్ని కెలక్కమ్మా. రిజల్టు నీట్‌గా వచ్చింది. సభ దగ్గర పడింది. నీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాలి కదా," అన్నాడు.

ఆమె మిగిలిన ఆ వారం రోజుల్లో మళ్ళీ మొదటి నుంచి ఊదించింది. ఈసారి పేరు రాసుకుని, పొద్దుటి మనిషినే సాయంత్రం దాకా ఉండమని బతిమాలి. పాత పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసింది. ఫలితం తారుమారైంది. రేపు సభలో చదవాల్సింది మాత్రం గైడు చెప్పి రాయించిన వాక్యం.

"అది నా పేరు మీద చదవమంటున్నారు సార్. దాన్ని చూపించి కిటికీలు మూసే ఉంచుతారు," అంది. "నాకు ఏం చెయ్యాల్నో తోచక మీకు కార్డు రాసిన."

నేను చాలా దొంగ లెక్కలు చూశాను. కానీ నేర్పాల్సినవాడు కూర్చున్న చోటి నుంచి లేవక, నేర్చుకునే పిల్ల తెచ్చి చెప్పిన తప్పును ఆమె గొంతులోకే తిరిగి కుక్కడం నేనెక్కడా చూడలేదు.

మూడున్నరకు రిక్షాలో గోదాముకు బయల్దేరాం. ఎనుమాముల దారిలో గోదాము రేకులు కనిపిస్తుండగానే రిక్షావాడు ఆగిపోయాడు.

"ఇగ ఈడనే దిగున్రి సారూ. గాలి ఇటు మర్లితె నేను తొక్కలేను."

"రోజూ ఇంతే సార్," అంది స్వరూప, నడక మొదలుపెడుతూ. నేను రెండు వందల అడుగులు నడవక ముందే తుమ్మడం మొదలైంది.

గోదాము ముందు తుమ్మచెట్టు నీడలో ఒక స్టూలు, మీద గొట్టం. స్వరూప ఎనిమిది వారాల ప్రయోగశాల అది. జట్టు మేస్త్రీ కొమురెల్లి నాకు ఎదురొచ్చాడు. బుర్రమీసాలు, ముఖానికి తడిగుడ్డ. గుడ్డ కిందికి లాగి నా చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టాడు.

"నోట్ల పెట్టుకోన్రి. నమలకున్రి. గొంతు పట్టకుంట ఉంటది. లోపటికి వస్తరా, మీరు గూడ దూరంగనే కూసుంటరా?"

ఆ 'గూడ' గైడు గురించని నాకు అర్థమైంది. జేబురుమాలు తడిపి ముక్కుకు కట్టుకుని లోపలికి వెళ్ళాను.

లోపల ఏముందో వర్ణించడం కష్టం, ఎందుకంటే నేను చూసింది కొంచెమే. ముందు కనిపించింది ఎరుపు, తర్వాత కన్నీళ్ళు. మనిషి ఎత్తు మిర్చి కుప్పలు, తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళు, బస్తాలు కుక్కుతున్న మగవాళ్ళు. బస్తా నేల మీద పడ్డప్పుడల్లా పొగలాంటిది లేచి మన మీదికి వస్తుంది. కిటికీలు ఉన్నాయి, గోడకు పైన, నాలుగు. నాలుగింటికీ చెక్కలు వేసి మేకులు కొట్టారు. మూలన ఒకామె తొడిమలు తీస్తూనే నన్ను చూసి, "సారు ఏడుస్తాండు," అంది. "మనకోసం ఏడ్చినోడు గీ సారొక్కడే," అంది పక్కామె. అందరూ నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపటి దాకా ఆగలేదు.

బయటికి వచ్చి వాచీ చూసుకున్నాను. పదకొండు నిమిషాలు. వాళ్ళు పొద్దున ఆరింటి నుంచి లోపల ఉన్నారు.

అయిదింటికి పని ముగిసింది. హమాలీలు చెట్టు కింద వరుసగా నిలబడ్డారు. రెండువందల పద్నాలుగో బిల్ల సొంతదారు సాయిలు ఆ వారమంతా స్వరూప కోసం సాయంత్రం దాకా ఉంటున్నాడు. యాభై ఏళ్ళ వాడినన్నాడు, నాకు డెబ్బై అనిపించింది. గొట్టం నోట పెట్టుకుని మూడుసార్లు ఊదాడు, ప్రతిసారీ దగ్గు ముందొచ్చింది. ముల్లు పొద్దుట ఆగిన చోటికి చాలా కింద ఆగింది. స్వరూప పుస్తకంలో ఆయన పేరు, దాని పక్కన ఆ అంకె రాసింది. ధూళి పుస్తకం మీద పడుతోంది, ఆమె మోచేత్తో తుడిచి రాస్తోంది.

"ఒక్క బిల్ల మీద ఇద్దరు పనిచెయ్యడం ఎప్పటి నుంచి?" అని కొమురెల్లిని అడిగాను.

"బిల్ల మంచిగనే ఉన్నది సారూ. మనిషే మంచిగ లేడు. అందుకే మనిషిని మారుస్తం, బిల్లను మార్చం," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "రేపు సభల ఈ పిల్ల గిది చెప్తే గోదాము సేటు ముంగట మా గుట్టు బయట పడతది. ఒక్క బిల్లకు ఇద్దరా అని బిల్లలు గుంజుకుంటె మేమేం కావాలె? బిడ్డా, అది ఇడిచిపెట్టి చెప్పరాదా?"

"ఎట్ల చెప్పాలె కాకా?" అంది స్వరూప. "పాత లెక్క ఎందుకు తప్పో చెప్పకుంటె కొత్త లెక్కను నమ్మరు. నేను ఊకుంటె మిర్చి మంచిదే అని చెప్పినట్టయితది."

ఆమె పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. చదవనని వాళ్ళకు మాటిస్తుందేమో అనుకున్నాను. అప్పుడు సాయిలు స్టూలు పట్టుకుని లేచాడు.

"ఊదింది నేను," అన్నాడు. "నా పేరు సదువు బిడ్డా. తతిమ్మోళ్ళవి సదవకు. ఇరవై ఏండ్ల సంది గా సేటు నన్ను రెండువందల పద్నాలుగు అనే పిలుస్తాండు. ఆయన చెవుల నా పేరు ఒక్కసారన్న పడనీ."

"పడితె తుమ్ముతడు," అన్నాడు కొమురెల్లి. కానీ నవ్వలేదు. "ఒక్కడివే ఎందుకు? నాది గూడ సదువు," అన్నాడు.

లాడ్జికి వచ్చి రెండు బకెట్ల నీళ్ళు పోసుకున్నాను. లాడ్జి వాళ్ళు పొద్దున్నే పట్టి ఉంచిన నీళ్ళు. మంట తగ్గలేదు. కళ్ళ కింద చర్మం స్వరూపకు కమిలినట్టే నాకూ కమిలింది.

శనివారం తొమ్మిదింటికి ట్రస్టు హాలుకు వెళ్ళాను. ఫ్యాన్లు, కాగితం పూలు, వేదిక మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల. సభకు ముందు టీ ఇచ్చారు. ప్రొఫెసరుగారు తనే నా దగ్గరికి వచ్చి పలకరించారు. మర్యాదస్తుడు, మెత్తటి మనిషి. యువతరంలో శాస్త్రీయ దృష్టి పెంచడం గురించి చాలా మాట్లాడారు.

"మీరు గోదాము చూశారా?" అని అడిగాను.

ఆయన చిన్నగా నవ్వారు. "లేదండీ. నాకు డస్ట్ ఎలర్జీ. అలాంటి చోటికి వెళ్తే రెండు రోజులు లేవలేను."

ఈ మాట నేను కల్పించలేదు. కల్పించే సాహసం నాకు లేదు. మిర్చి ధూళి వల్ల ఊపిరికి నష్టం లేదని రాయించిన మనిషి, టీ కప్పు చేత్తో పట్టుకుని, తడుముకోకుండా అన్నమాట అది. అందులో తప్పేముందో ఆయనకు తట్టలేదు. నా టీ అక్కడే పెట్టి వెళ్ళి కూర్చున్నాను.

పదింటికి సభ మొదలైంది. ఒక మాట న్యాయంగా చెప్పాలి. శిక్షణ అంతా ఇలాంటిది కాదు. ఒక లేడీ డాక్టరు తన విద్యార్థితో కలిసి ఎండాకాలమంతా వాడల్లో తిరిగి, ఇంటింటి నీళ్ళ కుండలు చూసిందట. ఆ కుర్రాడు చదువుతుంటే ఆమె ముందు వరసలో కూర్చుని, తడబడ్డ చోట వేలితో లెక్క అందిస్తోంది. ఆ ఇద్దరి ముఖాలూ ఒకే ఎండకు నల్లబడ్డాయి. గైడు అంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కరలేదు, అటు చూస్తే చాలు. ఇటు పక్కన ప్రొఫెసరుగారి ముఖం తెల్లగా, చల్లగా ఉంది.

నాలుగోవారిగా స్వరూపను పిలిచారు. హాలు వెనక తలుపు దగ్గర కొమురెల్లి, సాయిలు నిలబడి ఉన్నారు, ఉతికిన చొక్కాలతో. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. స్వరూప మైకు ముందుకు వచ్చి తెలుగులో మొదలుపెట్టింది.

"ఇంగ్లీషులో చదవాలమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు వేదిక మీది నుంచి.

"ఊదినవాళ్ళు వెనక ఉన్నారు సార్. వాళ్ళకు తెలియాలి," అంది.

తర్వాత నిదానంగా చెప్పింది. ఏడు వారాలు తాను రాసింది తప్పు. తాను కొలిచింది బిల్లలను, మనుషులను కాదు. పేర్లు వద్దన్నది ఎవరో మాత్రం చెప్పలేదు. నేనైతే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత సాయిలు పేరు చదివింది, ఇంటిపేరుతో సహా. పొద్దున ఎంత ఊదాడో, సాయంత్రం ఎంత ఊదాడో చదివింది. కొమురెల్లి పేరు చదివింది. "నేను చూసిన వారం రోజుల్లో సాయంత్రానికి ఊపిరి తగ్గనివాళ్ళు నాకు కనిపించలేదు. వారం చాలదు, ఇంకా చూడాలి. మిర్చి వల్ల నష్టం లేదన్న వాక్యం మాత్రం నేను చదవను," అంది.

ఒక్క చప్పట్ల చప్పుడు వినిపించింది, లేడీ డాక్టరుది. వెనక నుంచి ఇంకో రెండు జతల చేతులు కలిశాయి. నేను విలేఖరుల వరసలో ఉన్నాననే సంగతి మర్చిపోయి నేనూ చప్పట్లు కొట్టాను.

అధ్యక్షుడు నవ్వుతూ పక్కాయనతో ఏదో అన్నాడు. ప్రొఫెసరుగారు మైకు అందుకుని, ఈ పత్రాన్ని ఉపసంహరిస్తున్నామనీ, మళ్ళీ సరిచూసుకోవాలనీ, విద్యార్థులన్నాక పొరపాట్లు సహజమనీ అన్నారు. పన్నెండుంబావుకు సర్టిఫికెట్లు ఇచ్చారు. అయిదు పేర్లు పిలిచారు. ఆరోది బల్ల మీద తెల్లగుడ్డ పక్కన అలాగే ఉంది. సభ ముగిశాక ట్రస్టు గుమాస్తా దాన్ని సంచిలో వేసుకోవడం నేను చూశాను.

మెట్ల దగ్గర ప్రొఫెసరుగారిని ఆపాను. "పొరపాటు ఎవరిదండీ?"

"చిన్నపిల్ల. ఆవేశం. భవిష్యత్తు పాడుచేసుకుంటుందని నా బాధ," అన్నారు, ఎంతో సానుభూతితో. అంత సానుభూతి నేను భరించలేకపోయాను. గట్టిగానే మాట్లాడాను. ఏమన్నానో ఇక్కడ అచ్చువేయడానికి మా ఎడిటరు ఒప్పుకోడు.

బయట సాయిలు నా కోసం నిలబడి ఉన్నాడు. "సేటు ఇన్నడా సారూ?"

"విన్నాడు."

"తల తిప్పి చూసిండు. నేను గూడ చూసిన," అన్నాడు. బిల్ల జేబులోంచి తీసి ఒకసారి చూసుకుని మళ్ళీ వేసుకున్నాడు. అది సోమవారం పొద్దున హాజరుకు పనికొస్తుందో రాదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మూడింటికి లాడ్జి ఖాళీ చేశాను. నాలుగు గంటల పాసింజరుకు స్వరూప, రాజమల్లు స్టేషనుకు వచ్చారు. స్వరూప చేతిలో పాతచీర ముక్కలో చుట్టిన పుస్తకం ఉంది.

"దవాఖాన వాళ్ళు గొట్టంతో పాటు పుస్తకం కూడా అప్పజెప్పమన్నారు సార్. గొట్టం ఇచ్చేసిన. ఇది మీ దగ్గర పెట్టండి. నేను ఇంట్లో నకలు రాసుకున్నా," అంది.

"సర్టిఫికెట్ పోయిందిగా, ఏం చేస్తావు?"

ఆమె కన్నా ముందు తండ్రి అన్నాడు. "ఏం ఫికర్ లేదు సారూ. మళ్ల ఎండకాలం రాదా? ఆ డాక్టరమ్మ వాడల్ల తిరిగిందట కద, ఆమె దగ్గరికి పొమ్మన్న."

"నేను సభలనే అడిగిన బాపూ," అంది స్వరూప. "రమ్మన్నది. చెప్పులు మంచియి కొనుక్కొని రమ్మన్నది."

బండి కదిలింది. బయట వడగాలి కొడుతోంది, పెట్టెలో కిటికీల రేకులన్నీ దించి కూర్చున్నారు. నా ఎదుట ఒక తల్లి, ఒళ్ళో చంటివాడు. పక్కన జనగామ వెళ్ళే స్కూలు మాస్టరు. కాజీపేట దాటాక నేను చీరముక్క విప్పి పుస్తకం తెరిచాను. పేజీలు తిప్పుతున్నాను, పేర్లు చదువుతున్నాను. మూడు పేజీలు తిప్పానో లేదో మాస్టరు తుమ్మాడు. తర్వాత ఆయన వెనకాల బెంచీలో ఎవరో. తర్వాత చంటివాడు తుమ్మి, దగ్గి, ఏడుపు అందుకున్నాడు.

"ఎవల సంచిల మిర్చి ఉన్నదయ్యా? పైకి పెట్టకున్రి, కిందకి దించున్రి!" అని అరిచాడు అవతలి నుంచి ఒకతను. నలుగురు లేచి బెంచీల కింద వెతికారు. పైన గంపలు జరిపి చూశారు. మిర్చి ఎక్కడా లేదు. నేను పుస్తకం ఎత్తి చూపించాను. రెండు పేజీల మధ్య మడతలో సన్నటి ఎర్రటి గీత, వేలితో తుడిస్తే వేలికి అంటింది.

మాస్టరు కళ్ళు తుడుచుకుని, "ఏం పుస్తకం సార్ అది?" అన్నాడు. చెప్పాను. పేర్లు పైకి చదివాడు, సాయిలు పేరు, కొమురెల్లి పేరు. "మరి పెద్ద డాక్టరు చూడలేదా?"

"ఆయనకు ఎలర్జీ."

పెట్టె అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రెండు రోజుల్లో చూసిన వాటిలో నాకు మింగుడు పడనిది ఆ ప్రొఫెసరు దుర్మార్గం కాదు, ఆయన దుర్మార్గుడు కూడా కాడు. పిల్లను ఒంటరిగా ఆ ధూళిలోకి పంపి, తాను ఫ్యాను కింద కూర్చుని, వారం వారం చేసిన సంతకానికి ఆయన చదువు నేర్పడం అని పేరు పెట్టుకున్నాడు. నమ్మాడు కూడా. ఆ పద్ధతి చూడదలచిన వాళ్ళు ట్రస్టు హాలుకు వెళ్ళవచ్చు, స్టేషను నుంచి రిక్షాలో పావుగంట. గోదాము చూడదలిస్తే జేబురుమాలు తడిపి తీసుకెళ్ళండి. బెల్లం కొమురెల్లి ఇస్తాడు, అక్కడ ఉంటే.

పుస్తకం మూసి చీరముక్కలో చుట్టాను. తుమ్ములు ఆగలేదు. చంటివాడి ముఖం కందిపోయింది.

"ఆ కిటికీ ఎత్తున్రి సారూ జర," అంది తల్లి. "పోరనికి ఊపిరాడ్తలేదు."

వడగాలి వస్తుందని ఎవరూ అనలేదు. ఒక్కసారే నాలుగు చేతులు లేచాయి. నేను నా పక్క రేకు ఎత్తాను, మాస్టరు తన పక్కది ఎత్తాడు. ఆ వరసలో కిటికీలన్నీ తెరవడానికి ఒక నిమిషం పట్టింది. దానికి ఎవరూ పరిశోధన అడగలేదు.